సీమె బదనె

పొయ్యి వెనక మరిచిపోయిన కాయ
నాలుక బయటపెట్టింది,
పెదవి చీల్చుకోని, పచ్చగా, ఎక్కిరించినట్టు.
కూరకని తెచ్చింది. కోయబుద్ధి కాలే.

విత్తనం తీసి నాటుదామంటే
దీంట్లో విత్తనం విడిగా రాదంట.
కాయను కాయగానే పూడ్చాల,
ఏటవాలుగా, సగం మన్నులో, సగం గాలిలో.
పక్కసందులో పాలు పోసే పుట్టగౌరమ్మ చెప్పింది.
"సీమె బదనె" అనింది.
"మా సీమదా! కదిరి పక్కదా?" అంటి.
నవ్వి నవ్వి పాలచెంబు కింద పెట్టింది:
"ఇల్లమ్మా, సీమె అంటే పైదేశంది."

మా కదిరిలో ఇది బెంగళూరు వంకాయ.
బెంగళూరులో నలుగురిని అడిగితిని,
అట్లాంటి కాయే లేదన్నారు.
వంకాయ కూడా కాదు, అది కత్తికి తెలుసు.
కోస్తే బంక కారి, అరచేతికి పొర కట్టి
ఎవరిదో చర్మం తొడిగినట్టు బిగుసుకుంటాది.

హొరమావులో ముప్పై నలభై సైటు.
సైటు హాలప్ప సారుది, కావలి మాది,
మొదటి వానకు ఖాళీ సిమెంటు సంచులన్నీ నావి.
అలసంద మూడోనాడే లేచింది, అప్పులోడి మాదిరి.
బెండ ఒక్కరోజు కోయకుంటే అలిగి కట్టె అవుతాది.
గోంగూర వచ్చింది, పులుపు రాలే;
ఈ ఊరి చల్లదనం మనుషులకు బాగుంటాది,
గోంగూరకు నెత్తి మాడాల.
బచ్చలికి సిగ్గు లేదు, ఇనుప కమ్మీలంతా ఎగబాకి
నల్లపండ్లు కాసింది.
అవి చిదిపి మా హేమశ్రీ గోర్లకు పూసుకోని
ఇస్కూల్లో తిట్లు తినింది.

సీమె బదనెకు గంగులప్ప
పాత సరుగుడు కట్టెలతో పందిరేసినాడు.
రెండు నెలలు వట్టి ఆకు.
"పెరికేద్దాం" అన్నాడు. రెండుసార్లు అన్నాడు.
నేను వినపడనట్టు గిన్నెలు తోమినా.
ఒక తెల్లారి, ఆకు ఎత్తి చూస్తే నలభై రెండు.
నీడలో లెక్క తప్పి, మళ్లా మొదటి నుంచి.

ఆ వారమే నీళ్లు చూసే ఆయన వచ్చినాడు,
అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకోని.
మూలలన్నీ తిరిగినాడు. ఇసుక కుప్ప దాటినాడు.
పందిరి కిందికి వంగి దూరినాడు.
టెంకాయ నిక్కి నిలబడింది.
నా కాయలన్నీ వేలాడతా చూసినాయి.

సారు మంచాయనే:
"కోసుకోమ్మా, రేపటిదాకా టైముంది."

బోరు బండి తిరుచెంగోడుది.
నాలుగు వందల అడుగులు, తెల్ల దుమ్ము.
ఎనిమిది వందలు, అదే దుమ్ము.
సెంగోడనని ఒక పిల్లోడు, మీసమింకా సరిగా రాలే,
గంపలో కాయ తీసి చూసి "సౌ సౌ!" అన్నాడు
ఎప్పుడో తప్పిపోయిన దోస్తు దొరికినట్టు.
వాళ్లమ్మ పెసరపప్పేసి కూటు చేస్తాదంట.
వానికి తెలుగు రాదు, నాకు తమిళం రాదు,
కొబ్బరి ఎంతనేది చేత్తో చూపించినాడు.
ఆ రాత్రి ఆరుమందికి వండినా.
ఎవురూ పేరు గురించి మాట్లాడలే,
అన్నం మళ్లా పెట్టించుకున్నారు.

తెల్లవారుజామున పదకొండు వందల దగ్గర
బూడిదరంగు నీళ్లు ఎగిరినాయి.
సారు చెప్పులు తీసి దండం పెట్టినాడు.
నా బచ్చలికి సున్నం కొట్టినట్టయింది.
ఒక ఆకు కొంగుతో తుడిచినా,
కింద పచ్చదనం అట్లే ఉండాది.
రెండో ఆకు తుడిచినా.
ఎన్ని తుడుస్తాం.

పునాది తీసేలోగా మేము బాగలూరు సైటుకు పోవాల.
అక్కడ మన్ను ఎర్రదంట, ఇంకేమీ తెలీదు.
మిగిలిన కాయల్లో ముదురుది ఒకటి
హేమశ్రీ పుస్తకాల సంచిలో దాచిందని
నాకు తెలీకపోవు.
టీచరమ్మ కబురు పెట్టింది:
లెక్కల పుస్తకంలో రెండు పేజీలు
బంకకు అతుక్కోని ఊడిరాలేదంట.